ఒస్టమీ బ్యాగ్ కేర్: పొట్టపై సంచితో ఇబ్బందా..? లీకయ్యేదాకా ఆగొద్దు.. ఈ కొలతే కీలకం!

పెద్దపేగు క్యాన్సర్, పేగుకు రంధ్రం పడటం, పేగు మెలిక, ప్రమాదంలో పొట్టకు దెబ్బ.. కారణం ఏదైనా కావచ్చు. సర్జరీ తర్వాత కొందరికి మలం లేదా మూత్రం పొట్టపై చేసిన దారి గుండా బయటకు వస్తుంది. దాన్ని పట్టుకునేందుకు చర్మానికి అతికించేదే ఒస్టమీ బ్యాగ్. ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ ఈ పని నర్సులు చూసుకుంటారు. అసలు కష్టం డిశ్చార్జ్ అయి ఇంటికొచ్చాకే మొదలవుతుంది.

అర్ధరాత్రి బ్యాగ్ లీకవ్వడం, పక్క తడిసిపోవడం, చుట్టూ చర్మం మండిపోవడం.. వీటికి భయపడి కొందరు కడుపునిండా తినడమే మానేస్తారు. పెళ్లిళ్లకు, బస్సు ప్రయాణాలకు దూరమైపోతారు. అయితే ఈ ఇబ్బందులకు తరచూ కనిపించే కారణాలు రెండే. ఒకటి రంధ్రం కొలత తప్పడం. రెండోది లీకయ్యేదాకా మార్చకుండా ఆగడం. ఈ రెండూ ఇంట్లోనే సరిచేసుకోవచ్చు. అదెలాగో చూద్దాం.

స్టోమా అంటే ఏంటి?

పేగు చివరను పొట్టపైకి తెచ్చి కుట్టిన ద్వారాన్ని స్టోమా అంటారు. పెద్దపేగు నుంచి చేస్తే కొలోస్టమీ. చిన్నపేగు చివరి భాగం నుంచి చేస్తే ఇలియోస్టమీ. మూత్రం కోసం చేస్తే యూరోస్టమీ. కొలోస్టమీలో మలం కాస్త గట్టిగా వస్తుంది. ఇలియోస్టమీలో పల్చగా, రోజంతా వస్తూనే ఉంటుంది. అందులో జీర్ణరసాలు ఉంటాయి కాబట్టి చర్మానికి తగిలితే కొన్ని గంటల్లోనే మంట పుట్టిస్తుంది.

ఆరోగ్యంగా ఉన్న స్టోమా గులాబీ లేదా ఎరుపు రంగులో, నోటి లోపలి చర్మంలా తడిగా ఉంటుంది. తుడిచేటప్పుడు చుక్క రక్తం కనిపిస్తే కంగారుపడక్కర్లేదు. ఇంకో ముఖ్యమైన విషయం.. స్టోమాకు నొప్పి తెలియదు. ముట్టుకోవడానికి భయం అక్కర్లేదు. కానీ ప్లేట్ అంచు కోసుకుపోతున్నా తెలియదు. అందుకే మార్చిన ప్రతిసారీ కళ్లతో చూసుకోవాల్సిందే.

ఎన్ని రోజులకు మార్చాలి?

బ్యాగ్‌లు రెండు రకాలు. వన్ పీస్‌లో చర్మానికి అతికే ప్లేట్, సంచి కలిసే ఉంటాయి. టూ పీస్‌లో బేస్ ప్లేట్ వేరు, సంచి వేరు. కింద నుంచి ఖాళీ చేసే రకమైతే ప్లేట్‌ను సాధారణంగా 3-4 రోజులకోసారి మారుస్తారు. కొందరికి ఇంకా ఎక్కువ రోజులు ఆగినా, వారం దాటనివ్వొద్దు. కింద మూసి ఉండే సంచులైతే రోజూ మార్చాల్సిందే. కొందరికి రోజుకు రెండు మూడు కూడా పట్టొచ్చు.

మీకు ఎన్ని రోజులో తేల్చుకోవడానికి ఒక తేలికైన పద్ధతి ఉంది. తీసిన ప్లేట్‌ను వెనక్కి తిప్పి చూడండి. రంధ్రం చుట్టూ జిగురు కరిగి ఉన్నా, మలం అంచుల వైపు పాకినట్టు కనిపించినా ఆలస్యం చేశారని అర్థం. వచ్చేసారి ఒకరోజు ముందే మార్చేయాలి. దురద, మంట మొదలైతే మాత్రం రోజులు లెక్కపెట్టకుండా వెంటనే తీసేయాలి. ఖరీదైన బ్యాగ్ కదా అని చుట్టూ ప్లాస్టర్ వేసి ఇంకో రెండు రోజులు నెట్టుకొస్తే లీకు ఆగదు. లోపలే ఉండి చర్మాన్ని తినేస్తుంది. చర్మం పుండైతే కొత్త ప్లేట్ కూడా అతకదు. అప్పుడు ఖర్చు ఇంకా పెరుగుతుంది.

కొలత తప్పితే ఏమవుతుంది?

ప్లేట్‌కు కోసే రంధ్రం స్టోమా కన్నా 2-3 మిల్లీమీటర్లు మాత్రమే పెద్దగా ఉండాలి. మరీ బిగుతుగా ఉంటే స్టోమా ఒరుసుకుపోతుంది. వెడల్పుగా ఉంటే మధ్యలో మిగిలిన చర్మంపై మలం పడి కాలుతుంది.

సర్జరీ తర్వాత మొదటి 6-8 వారాల్లో వాపు తగ్గి స్టోమా చిన్నదవుతూ వస్తుంది. ఆస్పత్రిలో ఇచ్చిన కొలతతోనే నెలల తరబడి కోసుకుంటూ పోవడం చాలామంది చేసే పొరపాటు. ఆ రోజుల్లో వారానికోసారైనా కొలవాలి. గుండ్రంగా ఉంటే బాక్సులో వచ్చే కొలత కార్డు సరిపోతుంది. కోడిగుడ్డు ఆకారంలో ఉంటే పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ కాగితం పెట్టి గీసుకోవాలి. ఒంటి మీద గీసిన బొమ్మను ప్లేట్ వెనుక గీసేటప్పుడు కాగితాన్ని తిరగేయాలి. లేదంటే ఆకారం అద్దంలో చూసినట్టు ఎడమ కుడి మారిపోతుంది.

మార్చే పద్ధతి.. స్టెప్ బై స్టెప్

ఉదయం ఏమీ తినకముందు, తాగకముందు మారిస్తే హాయి. ఆ సమయంలో పేగు కదలిక తక్కువ.

1. కొత్త ప్లేట్, సంచి, కత్తెర, మెత్తటి గుడ్డ, గోరువెచ్చని నీళ్లు, చెత్తకు కవర్ ముందే పక్కన పెట్టుకోవాలి. చేతులు కడుక్కోవాలి. రంధ్రం ముందే కోసి, అంచు గరుకుగా ఉంటే వేలితో సాఫీ చేయాలి.

2. పాత సంచిని ఖాళీ చేయాలి. ప్లేట్‌ను ఒక్కసారిగా పీకేయొద్దు. ఒక చేత్తో చర్మాన్ని నొక్కి పట్టుకుని, పై నుంచి కిందకు మెల్లగా తీయాలి. ఊడకపోతే తడిగుడ్డతో అంచులు నానబెట్టాలి.

3. స్టోమాను, చుట్టూ చర్మాన్ని మామూలు నీళ్లతో తుడవాలి. డెటాల్, స్పిరిట్, సువాసన సబ్బులు వద్దు. కొబ్బరినూనె, క్రీమ్, టాల్కమ్ పౌడర్ రాస్తే ప్లేట్ అతకదు.

4. అద్దుతూ పూర్తిగా ఆరబెట్టాలి. ఎక్కువ లీకులు ఇక్కడే మొదలవుతాయి. తడి చర్మానికి జిగురు పట్టదు. యూరోస్టమీ అయితే మూత్రం ఆగకుండా వస్తుంది కాబట్టి, చుట్టిన గాజుగుడ్డను స్టోమాపై ఆనించి పట్టుకుని ఆరబెట్టాలి.

5. కాగితం ఒలిచి, పొట్ట ముడతలు సాగేలా నిటారుగా నిలబడి ప్లేట్‌ను కింది అంచు నుంచి పైకి అతికించాలి. తర్వాత అరచేత్తో ఒకట్రెండు నిమిషాలు నొక్కి ఉంచాలి. ఒంటి వేడికి జిగురు బాగా పడుతుంది.

6. టూ పీస్ అయితే సంచి బిగించి, టక్ మని పట్టిందో లేదో చుట్టూ వేలితో తడమాలి. కింద క్లిప్ వేశారో లేదో చూసుకోవాలి. ఇది మర్చిపోయేవాళ్లు తక్కువేం కాదు.

పౌడర్, పేస్ట్ ఎప్పుడు?

స్టోమా పౌడర్ రోజూ వాడేది కాదు. చర్మం ఎర్రబడి రసి కారుతున్న చోట పల్చగా చల్లి, మిగిలింది దులిపేయాలి. పేస్ట్‌ను చాలామంది గమ్ అనుకుంటారు. అది అతికించేది కాదు, ముడతలు, గుంటలను పూడ్చేది. దట్టంగా రాస్తే ప్లేట్ ఇంకా త్వరగా ఊడుతుంది. ప్లేట్ కింద వెంట్రుకలు ఉంటే ట్రిమ్మర్‌తో కత్తిరించుకోవడం మంచిది.

ఖాళీ చేయడం.. గ్యాస్, వాసన

సంచి మూడో వంతు నిండగానే ఖాళీ చేయాలి. సగం దాటితే బరువుకు ప్లేట్ కిందకు లాగేస్తుంది. తర్వాత సంచి మూతిని లోపల, బయట శుభ్రంగా తుడవాలి. వాసన ఎక్కువగా అక్కడి నుంచే వస్తుంది. గ్యాస్‌తో ఉబ్బిందని పిన్నుతో గుచ్చితే ఆ బ్యాగ్ ఇక పనికిరాదు. టాయిలెట్‌కు వెళ్లి మూతి తెరిచి గాలి తీసేయాలి. వాడేసిన సంచిని టాయిలెట్‌లో వేసి ఫ్లష్ చేయొద్దు. న్యూస్‌పేపర్‌లో చుట్టి కవర్‌లో కట్టి, శానిటరీ ప్యాడ్‌ల లాగే విడిగా ఇవ్వాలి.

స్నానం, ఎండలు, ప్రయాణం

బ్యాగ్ ఉంచుకుని స్నానం చేయొచ్చు, మార్చే రోజు తీసేసి కూడా చేయొచ్చు. స్టోమాలోకి నీళ్లు పోవు. మన ఎండాకాలంలో చెమటకు జిగురు త్వరగా వదులుతుంది. శీతాకాలంలో నాలుగు రోజులు ఉన్న ప్లేట్ మే నెలలో మూడు రోజులే ఉండొచ్చు. ఎండలో ఆపిన కారులో, వంటింటి వేడిలో బాక్సులు పెట్టొద్దు. ప్రయాణమైతే అవసరమైన దానికి రెట్టింపు సామాన్లు, రంధ్రాలు ముందే కోసిన ప్లేట్లు చేతి సంచిలోనే ఉంచుకోవాలి. విమానంలో అయితే లగేజీలో వేయొద్దు.

ఇలియోస్టమీ ఉంటే నీళ్లు, తిండి విషయంలో జాగ్రత్త

నీటిని, ఉప్పును పీల్చుకునే పెద్దపేగు దారిలో లేకపోవడంతో ఒంట్లో నీరు త్వరగా తగ్గుతుంది. నోరెండిపోవడం, మూత్రం ముదురు రంగులో రావడం, లేవగానే కళ్లు తిరగడం దానికి సూచనలు. అలాంటప్పుడు ఉత్త నీళ్లే తాగుతూ కూర్చుంటే సరిపోదు. ఓఆర్‌ఎస్ తీసుకోవాలి. గుండె, కిడ్నీ జబ్బులు ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడిగి తాగాలి. సంచి తక్కువ నిండుతుందని నీళ్లు మానేయడం చాలా ప్రమాదకరం.

పచ్చి కొబ్బరి, మొక్కజొన్న, పుట్టగొడుగులు, మునక్కాయ పీచు దారికి అడ్డుపడొచ్చు. మొదటి 6-8 వారాలు వీటికి దూరంగా ఉండి, తర్వాత కొద్దికొద్దిగా, బాగా నమిలి తినాలి. అన్నం, అరటిపండు మలాన్ని కాస్త చిక్కబరుస్తాయి. బీట్‌రూట్ తిన్నాక సంచిలో ఎరుపు కనిపిస్తే రక్తమని హడలిపోవద్దు. విరేచనాల మందు మాత్రం డాక్టర్‌ను అడగకుండా వేసుకోనే వద్దు.

ఇలా ఉంటే వెంటనే ఆస్పత్రికి

స్టోమా ఊదా, నలుపు లేదా బూడిద రంగులోకి మారితే.. ఇలియోస్టమీలో 4-6 గంటలుగా ఏమీ రాకుండా కడుపునొప్పి, వాంతులు ఉంటే.. రక్తం ఆగకుండా కారుతుంటే.. పేగు ఉన్నట్టుండి బయటకు పొడుచుకొస్తే ఇంట్లో ఉండొద్దు. ఎక్కువసార్లు నీళ్లలా పోతూ నీరసపడినా, యూరోస్టమీలో జ్వరంతో పాటు మూత్రం దుర్వాసన వచ్చినా డాక్టర్‌కు చూపించాలి. యూరోస్టమీలో తెల్లటి జిగట కనిపించడం మాత్రం మామూలే.

డిశ్చార్జ్‌కు ముందే ఈ పని

నేడు వాడుతున్న అతికే బ్యాగ్ వెనుక ఒక నర్సు ఉన్నారు. డెన్మార్క్‌కు చెందిన ఎలిస్ సోరెన్సెన్ 1954లో, స్టోమా సర్జరీ తర్వాత బయటకు వెళ్లడానికే భయపడుతున్న తన సోదరి కోసం ఈ ఆలోచన చేశారు. ఆ భయం ఇవాళ్టికీ ఉంది. అది పోవాలంటే చేతికి అలవాటు కావాలి.

అందుకే డిశ్చార్జ్‌కు ముందే నర్సు పక్కన ఉండగా పేషెంట్ తన చేతులతో కనీసం రెండుసార్లు బ్యాగ్ మార్చి చూడాలి. ఇంట్లో ఇంకొకరు కూడా నేర్చుకోవాలి. వాడుతున్న బ్యాగ్ బాక్సుపై ఉండే కోడ్ నంబర్, సైజు ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోవాలి. చివరి ప్లేట్ తీసేదాకా ఆగకుండా ఐదారు ఉండగానే కొత్తవి తెప్పించుకోవాలి. సైజు దొరకలేదని వేరేది అతికించుకుంటే లీకు మళ్లీ మొదటికొస్తుంది.