గుర్రం మొండిదా, జీను సరిపోలేదా?

ఆ మధ్య ఉద్యోగం మీద విసుగు పుట్టి, వారాంతాల్లో గుర్రపుస్వారీ క్లాసులో చేరాను. (నవ్వకండి, బొజ్జ తగ్గుతుందని ఎవరో చెప్పార్లెండి.) నాలుగో వారం నాకిచ్చిన గుర్రం ఎడమవైపు తిరగనంటే తిరగనంది. "మొండిది సార్, గట్టిగా తన్నండి" అన్నాడు నేర్పే ఆయన. తన్నాను. ఒకసారి కాదు, అరగంటసేపు. దిగాక, గుర్రాల్ని చూసుకునే సాయీసు పెద్దాయన జీను తీసి చూపించారు. వీపు మీద రూపాయి బిళ్ళంత పుండు, జీను ఒరుసుకుని.

"మీకు ముందే తెలుసా?" అన్నాను.

"తెలుసు బాబూ. నన్నెవరడుగుతారు?"

ఆ రాత్రి నిద్రపట్టక గుర్రాల చరిత్ర తవ్వడం మొదలెట్టాను. తేలిందేంటంటే గుర్రాన్ని సాకడం, మచ్చిక చెయ్యడం, మనిషికి స్వారీ నేర్పడం ఒకప్పుడు ఒక్కడే తెలుసుకోవాల్సిన విద్య.

క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలో జెనొఫన్ అనే గ్రీకు సైనికుడు స్వారీ మీద ఓ చిన్న పుస్తకం రాశాడు. స్వారీ అంటే ఎక్కడంతో మొదలెడతాడనుకుంటాం కదా? ఆయన గిట్టలతో మొదలెట్టాడు. పునాది బాగోలేని ఇంటికి పైన ఎన్ని సోకులుంటే ఏం లాభం అని ఆయన లెక్క. ఆ తర్వాత గుర్రపుసాల, మేత. మేత సరిగ్గా తినట్లేదంటే ఒంట్లో ఏదో తేడా ఉందని పట్టుకోవాలట. ఎక్కడం వీటన్నిటి తర్వాతే. కోపంగా ఉన్నప్పుడు గుర్రం జోలికి పోవద్దనీ, కొట్టి చేయించిన పనిలో అందముండదనీ కూడా అప్పుడే చెప్పేశాడు. నేను మాత్రం 2300 ఏళ్ళ తర్వాత తన్నుతున్నాను :(

1733లో పారిస్‌లో స్వారీ గురువు గ్వెరినియేర్ వేసిన పెద్ద పుస్తకమూ అంతే. గుర్రం ఒళ్ళు, లాడాలు, జీనులు ఒక భాగం, శిక్షణ ఒక భాగం, జబ్బులూ మందులూ ఇంకో భాగం.

మరి ఎప్పుడు విడిపోయాయి? తమాషా ఏంటంటే ఆ పని మొదలెట్టింది కూడా ఓ స్వారీ గురువే. క్లోద్ బూర్జెలా 1740 నుంచి లియోన్‌లో స్వారీ అకాడమీకి పెద్ద. అప్పట్లో గుర్రానికి జబ్బు చేస్తే లాడాలు కొట్టే కమ్మరే డాక్టరు. ఈయన సర్జన్ల సాయంతో గుర్రం శరీరనిర్మాణం చదివాడు. 1761లో ప్రభుత్వం అనుమతి తెచ్చుకుని, మరుసటి ఏడు ఓ పాత సత్రంలో పశువైద్య కళాశాల తెరిచాడు. ప్రపంచంలో అదే మొదటిది. పశువుల్ని ఊళ్ళకి ఊళ్ళే తుడిచిపెడుతున్న మహమ్మారి రోజులవి. కాబట్టి వైద్యం వేరుపడటం తప్పు కాదు, అవసరం.

కానీ తర్వాతేమైంది? డాక్టరు, లాడాలాయన, ట్రైనరు, టీచరు తలా ఒక క్యూబికల్‌లో సర్దుకున్నారు. మన భాషలో చెప్పాలంటే డెవలపర్, టెస్టర్, సపోర్టు. బగ్ వస్తే "నా మాడ్యూల్ కాదు". పాపం గుర్రం టికెట్ రైజ్ చెయ్యలేదు కదా, ఎడమవైపు తిరగకపోవడమే దాని బగ్ రిపోర్టు. దాన్నే మనం మొండితనం అంటున్నాం.

ఇప్పుడు విదేశాల్లో హోలిస్టిక్ పేరుతో కొందరు ఎంచుకుంటున్న వృత్తి ఈ ముక్కల్ని మళ్ళీ కలపడమే. గిట్టలు, పళ్ళు, మేత, జీను, ఎక్కినవాడు కూర్చునే తీరు, అన్నీ చూశాకే శిక్షణ. ఆ పేరు చెప్పి ఆకుపసర్లతో అన్నీ నయం చేస్తామనేవాళ్ళూ ఉన్నారు. అది బూర్జెలాకి ముందు రోజులకి పోవడమే. నా దృష్టిలో ఈ వృత్తిలో అసలు నైపుణ్యం, డాక్టర్ని ఎప్పుడు పిలవాలో తెలియడం.

ఇప్పుడు నేను క్లాసుకి అరగంట ముందే వెళ్తున్నా. ముందు పెద్దాయన్ని అడగడం, తర్వాత వీపు తడమడం, ఆ తర్వాతే జీను. ఆ గుర్రం పుండు మానడానికి మూడు వారాలు పట్టింది. ఇప్పుడు ఎడమవైపు చక్కగా తిరుగుతోంది.

నన్ను చూస్తే మాత్రం ఇంకా చెవులు వెనక్కి పెడుతోంది.