విమానానికి వయసెంత?

అక్కాచెల్లెళ్ళిద్దరు ఒకే రోజున, ఒకే కొట్లో రెండు ప్రెషర్ కుక్కర్లు కొన్నారనుకోండి. అక్కగారింట్లో మొగుడూ పెళ్ళామూ ఇద్దరే. కుక్కరు రోజుకొకసారి పొయ్యి ఎక్కితే ఎక్కినట్టు, లేకపోతే లేదు. చెల్లెలిది ఉమ్మడి కుటుంబం. పొద్దున్న పప్పుకీ, మధ్యాహ్నం అన్నానికీ, సాయంత్రం దుంపలకీ కుక్కరు ఎక్కుతూనే ఉంటుంది. మూడేళ్ళు గడిచాయి. ఇప్పుడు ఆ రెండు కుక్కర్ల వయసూ ఒకటేనా? కొన్న రసీదులు చూస్తే ఒకటే. మూతలోని రబ్బరును అడిగితే మాత్రం కానే కాదంటుంది.

వంటింట్లో మనందరికీ తెలిసిన ఈ సంగతే విమానాల చరిత్రలో ఎన్నో ప్రాణాలు తీసింది. ఒకసారి కాదు, నేర్చుకున్నామనుకున్నాక మళ్ళీ తీసింది.

విమానం కూడా ఒక రకంగా కుక్కరే మరి. పైకి పోయేకొద్దీ గాలి పల్చబడుతుంది. లోపలున్నవాళ్ళు ఊపిరి పీల్చుకోవాలంటే గాలిని ఒత్తిడితో నింపి ఉంచాలి. విమానం పైకెక్కినప్పుడల్లా దాని ఒంటిమీది రేకు లోపలి ఒత్తిడికి బిగుసుకుంటుంది, కిందికి దిగినప్పుడల్లా సడలుతుంది. ఒక ట్రిప్పుకి ఒక బిగువు, ఒక సడలింపు. ఈ జంటనే వాళ్ళు ‘సైకిల్’ అంటారు. తీగను అటూ ఇటూ వంచుతూ పోతే చివరికి పుటుక్కున తెగుతుంది చూడండి, లోహానికి అలాంటి అలసట ఉంది.

1952 మేలో బ్రిటిష్ వాళ్ళ కామెట్ విమానం ప్రయాణీకులను ఎక్కించుకుని ఎగిరింది. ప్రపంచంలో మొట్టమొదటి జెట్ ప్రయాణీకుల విమానం అదే. 1954 జనవరి 10న రోమ్ నుంచి లండన్ బయలుదేరిన కామెట్ ఒకటి ఎల్బా ద్వీపం దగ్గర సముద్రంలో కూలింది. 35 మంది పోయారు. ఏప్రిల్ 8న ఇంకొకటి నేపుల్స్ దగ్గర కూలింది. 21 మంది పోయారు.

అప్పుడు ఫార్న్‌బరోలోని శాస్త్రజ్ఞులు ఒక పని చేశారు. ఒక కామెట్ విమానాన్ని పెద్ద నీళ్ళతొట్టిలో ముంచి, లోపలికి నీళ్ళు పంపుచేస్తూ, వదులుతూ, నేలమీదే దానిచేత వందల ట్రిప్పులు వేయించారు. అది అంతకుముందు నిజంగా ఆకాశంలో చేసినవి 1,221 ట్రిప్పులు. తొట్టిలో మరో 1,836 అయ్యేసరికి దాని ఒళ్ళు చీలిపోయింది. ఎల్బా దగ్గర కూలిన విమానం వేసినవి 1,290 ట్రిప్పులే! కొత్త విమానమే, పాపం. కానీ రేకు అప్పటికే అలిసిపోయింది.

ఆ పాఠంతో విమానం వయసుకి మూడు లెక్కలు స్థిరపడ్డాయి. పుట్టి ఎన్నేళ్ళయింది? ఎన్ని గంటలు ఎగిరింది? ఎన్నిసార్లు ఎగిరి దిగింది? తుప్పుకి నెలలూ సంవత్సరాలూ కావాలి. ఇంజనులో తిరిగే భాగాలు కొన్నిటికి గంటలు కావాలి. ఒంటిరేకుకీ, చక్రాల కాళ్ళకీ ట్రిప్పులు కావాలి. ఒక లెక్క చూసి ఇంకోటి వదిలేస్తే ఏమవుతుందో హవాయి దీవుల్లో తెలిసింది.

అక్కడి అలోహా ఎయిర్‌లైన్స్ వారికి 1969లో తయారైన బోయింగ్ 737 ఒకటి ఉండేది. దీవికీ దీవికీ మధ్య తిరగడమే దాని పని, మన ఊళ్ళ మధ్య సిటీ బస్సులాగా. ఎక్కడం, దిగడం, మళ్ళీ ఎక్కడం. సగటున ట్రిప్పుకి పాతిక నిమిషాలైనా పట్టదు. బోయింగ్ వారు ఈ రకం విమానానికి వేసిన ఆయుర్దాయపు అంచనా ఇరవయ్యేళ్ళు, 51,000 గంటలు, 75,000 ట్రిప్పులు. దాటితే ఎగరకూడదని కాదు, అదొక అంచనా. ఈ విమానానికి పందొమ్మిదేళ్ళు. అంటే గడువు లోపలే. ఎగిరినవి 35,496 గంటలు. అదీ లోపలే. ట్రిప్పులు మాత్రం 89,680!

పోనీ, వాళ్ళు తనిఖీలు అశ్రద్ధగా పెట్టుకున్నారా అంటే, గంటల లెక్కన చూస్తే అలా అనలేం. పెద్ద తనిఖీ 20,000 గంటలకొకసారి చాలని తయారీదారులు చెబితే, వీళ్ళు 15,000 గంటలకే పెట్టుకున్నారు. కాగితం మీద చూస్తే జాగ్రత్తపరులే. కానీ ఆ 15,000 గంటల్లో వాళ్ళ విమానం వేసే ట్రిప్పులు ఇతరుల విమానాలకంటే ఎంతో ఎక్కువ. పైగా సముద్రపు ఉప్పుగాలి. రేకుల్ని అతికించిన జిగురు ఊడి, భారమంతా రివెట్ల మీద పడింది. రివెట్ల పక్కన వెంట్రుకవాసి బీటలు మొదలయ్యాయి.

1988 ఏప్రిల్ 28న హిలో నుంచి హొనొలూలూ వెళుతూ, 24,000 అడుగుల ఎత్తున, ఆ విమానం పైకప్పు పద్ధెనిమిది అడుగుల మేర లేచిపోయింది. ప్రయాణీకులు నెత్తిమీద ఆకాశాన్ని చూస్తూ కూర్చున్నారు. బెల్టులు పెట్టుకుని ఉండబట్టి బతికారు. పైలట్లు దాన్ని ఎలాగో మావీ దీవిలో దించారు. ఉన్న 95 మందిలో ఒక్కరే పోయారు. ఆవిడ క్లారాబెల్ లాన్సింగ్, 37 ఏళ్ళ సర్వీసు ఉన్న ఎయిర్ హోస్టెస్. ప్రయాణీకులందరూ కూర్చుని ఉండగా, వాళ్ళకి మర్యాద చేస్తూ నడవలో నిలబడి ఉంది. ఆవిడ శరీరం దొరకలేదు.

ఆ తరువాత అమెరికాలో కదలిక వచ్చింది. వయసు మళ్ళిన విమానాల పరీక్షకు 1991లో ప్రత్యేకంగా చట్టం చేశారు. ఇప్పుడు తనిఖీల లెక్కంతా కంప్యూటర్లోకి ఎక్కింది. ప్రతి పనికీ ఎన్ని గంటలు, ఎన్ని ట్రిప్పులు, ఎన్ని నెలలు అని అవసరమైన గడువులన్నీ వ్రాసిపెడతారు. ‘ఏది ముందొస్తే అది’ అన్నది సూత్రం. విమానం దిగినప్పుడల్లా లెక్క చేరుతుంది, గడువు దగ్గరపడితే కంప్యూటర్ హెచ్చరిస్తుంది. పని అయిపోగానే మళ్ళీ లెక్క మొదలు. ఎప్పుడైనా అనుమతితో పని నాలుగు రోజులు ఆలస్యమైనా, తరువాతి గడువును సాధారణంగా చేసిన రోజునుంచి కాక, అసలు గడువునుంచే లెక్కిస్తారు. ఏదో అడ్డొచ్చి ఒక ఏడు ఆబ్దికం వెనక్కి జరిగినా మరుసటేడు అసలు తిథికే పెడతాం కదా, అలాగన్నమాట. లేకపోతే ఆలస్యం మీద ఆలస్యం పేరుకుపోతుంది.

బాగానే ఉంది. అయితే కంప్యూటర్ ‘ఎప్పుడు చూడాలో’ చెబుతుంది గాని, తాను చూడదు. చూడవలసింది మనిషే. అర్ధరాత్రి దాటాక, దీపాల వెలుగులో, విమానం వీపు మీద జారిపోకుండా తాడు కట్టుకుని, వరసకి వరస రివెట్లు చూస్తూ పోవాలి. వెయ్యి బాగున్నాక వెయ్యిన్నొకటోది కూడా బాగానే ఉంటుందనుకోవడం కంటికి అలవాటైపోతుంది. లోహానికే కాదు, మనిషికీ అలసట ఉంది మరి.

ఆనాటి కథలో ఇంకొకావిడ కూడా ఉంది. హిలోలో విమానం ఎక్కుతూ, తలుపు దగ్గర రేకు మీద బీటను చూసింది. ప్రమాదం జరిగాక ఆ సంగతి చెప్పింది. ముందు మాత్రం ఎవరితోనూ అనలేదు. ‘అంత పెద్దవాళ్ళకి తెలియదా, నేను చెప్పేదేమిటి?’ అనుకుందేమో. ఆవిడ్ని తప్పు పట్టడానికి నాకు నోరు రాదు. మనం మాత్రం ఎన్నిసార్లు అలా ఊరుకోలేదు? గోడ బీటవారితే చూసీ ఊరుకుంటాం. పొద్దస్తమానం అందరికీ చేసిపెట్టే మనిషి మొహం వాడితే చూసీ ఊరుకుంటాం. వయసు ఇంకా యాభై కూడా లేదు కదా, ఆవిడకేం అంటాం. ఎన్నిసార్లు ఎక్కి దిగిందో మాత్రం అడగం.