రానవలోనా రాజ్యంలో ప్రార్థించేవాళ్లు

1835 మార్చి 1, ఆదివారం. మడగాస్కర్ రాజధాని అంటాననరివోలో తెల్లవారుతూనే ఫిరంగులు పేలాయి. కొండమీది నగరానికి దిగువన ఉన్న మహమసినా మైదానానికి జనమంతా రావాలని ముందే దండోరా వేశారు. సైన్యం బారులు తీరి నిలబడింది. రాణి మొదటి రానవలోనా తరఫున ఆమె అధికారులు ఆజ్ఞ చదివి వినిపించారు. బాప్తిస్మం, ప్రార్థన కూటాలు, ఆదివారపు ఆచరణ ఇకమీదట నేరాలు. ఇంతవరకు ఆ పనులు చేసినవాళ్లు తమంతట తామే వచ్చి ఒప్పుకోవాలి. మొదట నెల గడువన్నారు, తర్వాత దాన్ని వారానికి కుదించారు. దాచిపెట్టి పట్టుబడ్డవాళ్లకు మరణశిక్ష.

గడువులోగా చాలామందే ఒప్పుకున్నారు. మిషనరీల లెక్క ప్రకారం 400 మంది అధికారులకు హోదా తగ్గించారు, మరో 2,000 మందికి జుర్మానా వేశారు. రెండో అంకె కంటే మొదటిదే ఎక్కువ విషయం చెబుతుంది. కొత్త మతంలో చేరినవాళ్లు ఊరి చివర బతికే అనామకులే అయితే ఇంతమంది అధికారులు ఎక్కడి నుంచి వచ్చారు? వాళ్లు రాణి సొంత కొలువులోని మనుషులు. వాళ్లను మిషనరీల బడికి పంపింది కూడా రాజ్యమే.

ఆ సంగతి రానవలోనా భర్త మొదటి రడామా కాలంలో మొదలైంది. 1817లో అతను మారిషస్‌లోని బ్రిటిష్ గవర్నరుతో ఒడంబడిక చేసుకున్నాడు. బానిసలను విదేశాలకు అమ్మడం ఆపితే బ్రిటన్ తుపాకులు, సైనిక శిక్షణ, చేతిపనివాళ్లను ఇస్తుందన్నది ఒప్పందం. ఆ దారినే లండన్ మిషనరీ సొసైటీ వచ్చింది. తెలుగు పాఠకులకు ఈ సంస్థ కొత్త కాదు, 1805లో విశాఖపట్నంలోనూ తర్వాత బళ్లారి, కడపల్లోనూ పాదం మోపింది ఇదే. 1818లో వేల్స్ నుంచి డేవిడ్ జోన్స్, థామస్ బెవన్ మడగాస్కర్ తూర్పు తీరంలోని టమటావ్‌లో దిగారు. కొద్ది నెలల్లోనే తీరప్రాంతపు జ్వరం బెవన్‌నూ, రెండు కుటుంబాల్లోని భార్యాబిడ్డలనూ బలి తీసుకుంది. ఒంటరిగా మిగిలిన జోన్స్ 1820లో రాజధాని చేరి బడి పెట్టాడు.

రడామాకు కావలసింది మతం కాదు, అతను బాప్తిస్మం తీసుకోనూ లేదు. లెక్కలు రాయగలిగిన గుమాస్తాలు, ఉత్తర్వులు చదవగలిగిన సైనికాధికారులు అతనికి కావాలి. మలగాసీ భాషను రోమన్ అక్షరాల్లో రాసే పద్ధతి అతని ఆమోదంతోనే స్థిరపడింది. అయితే బడిలో చదువు నేర్పిన పుస్తకమూ దేవుణ్ణి గురించి చెప్పిన పుస్తకమూ ఒక్కటే. ఒకటి కావాలి, రెండోది వద్దంటే ఎలా కుదురుతుంది? 1828లో రడామా చనిపోయి రానవలోనా గద్దెనెక్కినప్పుడు ఆమె ముందున్న చిక్కు ఇదే.

మిషనరీల చరిత్రలు ఆమెను రక్తపిపాసిగానే చిత్రించాయి. ఆమె పాలన క్రూరమైనదే, అందులో వాదన లేదు. కానీ మొదటి ఏడేళ్లలో ఆమె నడిచిన తీరు మూర్ఖత్వంలా కనిపించదు. మిషనరీలను సాగనంపుదామనుకున్న సమయంలో, ఇంకా పనికొచ్చే విద్యలేమైనా వాళ్ల దగ్గర ఉన్నాయేమో కనుక్కురమ్మని ఆమె తన మనుషులను పంపింది. సబ్బు చేయగలరా అని వాళ్లు అడిగారు. జేమ్స్ కామెరూన్ అనే చేతిపనివాడు వారం గడువు తీసుకుని, అక్కడ దొరికే సరుకులతోనే చేసిన సబ్బు కడ్డీలను వాళ్ల చేతిలో పెట్టాడు. దాంతో మిషన్‌కు మరికొన్నేళ్లు ఆయుష్షు పెరిగింది. 1831 మేలో రాణి బాప్తిస్మాలకు కూడా అనుమతిచ్చింది. అదే ఏడు చివరికి సైనికులకూ బడిపిల్లలకూ ఆ అనుమతి రద్దయింది. తర్వాత బానిసలకు చదువు నేర్పకూడదన్న నిషేధం వచ్చింది.

ఆ నిషేధం బానిసల దాకా ఎందుకు వెళ్లిందో 1834లో జరిగిన ఒక సంఘటన తేటతెల్లం చేస్తుంది. రైనిత్సియందవకా అనే అతను అంతకుముందు సంపీ సంరక్షకుడు. సంపీ అంటే రాజ్యాన్నీ ఊరినీ కాపాడుతుందని నమ్మే పవిత్ర రక్ష. అతను మిషనరీల బోధ కొంత విని, దానికి తన మాట కలిపి, అనుచరులను వెంటబెట్టుకుని రాజధానికి వచ్చాడు. మనుషులంతా ఒకే తల్లిదండ్రుల సంతానమని చెప్పాడు. మరి రాణీ, మొజాంబిక్ నుంచి తెచ్చిన బానిసలూ ఒకే సంతతా అని విచారణలో అడిగారు. అవునన్నాడు. అతణ్ణీ ముఖ్య అనుచరులనూ ధాన్యపు పాతరలో తలకిందులుగా వేసి మరిగే నీళ్లు పోసి చంపారు. అతను మిషన్ సభ్యుడు కాడు, మిషనరీలు అతణ్ణి తమవాడని చెప్పుకోనూ లేదు. అయినా ఆ బోధ చివరికి ఎక్కడికి చేరుతుందో కొలువుకు అర్థమైంది. రానవలోనా ఏలిన మేరినా రాజ్యంలో రాజు అధికారం పూర్వీకుల నుంచి వచ్చేది. యేసు తెల్లవాళ్ల పూర్వీకుడని కొలువు నమ్మింది. పరాయివాళ్ల పూర్వీకుణ్ణి కొలిచేవాడు ఎవరి ప్రజ అవుతాడు?

1835 ఆజ్ఞ మిషనరీల మీద కాదు, మలగాసీ ప్రజల మీద. తెల్లవాళ్లు తమ ఆచారాలు తాము పాటించుకోవచ్చు, చేతి విద్యలు నేర్పవచ్చు, మతం మాత్రం నేర్పకూడదు. స్థానిక పనివాళ్లు మిషన్ ముద్రణశాలకు రావడం మానేశారు. మిషనరీలు తామే అక్షరాలు కూర్చి, తామే అచ్చు వేసి, ఆ ఏడే మలగాసీ బైబిలు పూర్తి చేశారు. 1836లో ఆఖరి ఇద్దరు ద్వీపం విడిచి వెళ్లేముందు కొన్ని పదుల ప్రతులను విశ్వాసుల చేతుల్లో పెట్టారు. ఆ తర్వాత పాతికేళ్లపాటు అక్కడి సంఘానికి బయటి పాదిరీలు లేరు.

ఏడాది తిరిగేసరికి రసలామా అనే స్త్రీని పట్టుకున్నారు. చంపే ముందు ఆమెకు ప్రత్యేకమైన ఇనుప సంకెళ్లు తగిలించారు. మెడనూ చేతులనూ మోకాళ్లనూ కాళ్లనూ ఒకచోటికి లాగి బిగించే ఆ సంకెళ్లలో మనిషి నిటారుగా కూర్చోలేడు, పడుకోనూ లేడు. 1837 ఆగస్టు 14న ఆమెను నగరం దక్షిణ కొసన ఉన్న అంబోహిపోత్సికి నడిపించుకుపోయారు. దారిలో తాను బాప్తిస్మం పొందిన ప్రార్థనాలయం కనిపించిందనీ, ఆమె కీర్తనలు పాడుతూనే నడిచిందనీ చూసినవాళ్లు చెప్పారు. ప్రార్థనకు వ్యవధి అడిగింది, ఇచ్చారు. మోకాళ్ల మీద ఉండగానే బల్లెంతో పొడిచారు. మడగాస్కర్‌లో క్రైస్తవ విశ్వాసం కోసం ప్రాణమిచ్చిన మొదటి మనిషిగా అక్కడి సంఘం ఆమెనే గుర్తు పెట్టుకుంది.

ఆమె తర్వాత వేట ఆగలేదు. కొందరు అడవుల గుండా తీరానికి పారిపోయి, మారిషస్ మీదుగా ఇంగ్లండు చేరారు. 1840లో అలా పారిపోతూ దొరికినవాళ్లలో తొమ్మిది మందిని చంపారు. మిగిలినవాళ్లు రాత్రిపూట ఇళ్లలో, కొండ గుహల్లో కలుసుకునేవారు. ఉన్న కొద్ది బైబిళ్లను విడదీసి భాగాలుగా పంచుకునేవారు, చేత్తో నకళ్లు రాసుకునేవారు. ‘ప్రార్థించేవాళ్లు’ అన్నది వాళ్లకు లోకం పెట్టిన పేరు.

1849 మార్చి 28న ఒక్కరోజే 18 మందిని చంపారు. వారిలో నలుగురు ఉన్నత వంశీకులు. రాజబంధువుల రక్తం నేల మీద చిందకూడదన్నది నియమం కాబట్టి వాళ్లను ఫరవోహిత్ర కొండ మీద సజీవంగా కాల్చారు. తక్కిన 14 మందిని రాజభవనం పక్కనున్న అంపమరినానా కొండ అంచు నుంచి తాళ్లతో వేలాడదీసి, విశ్వాసం వదులుతావా అని అడిగి, వదలనంటే తాడు కోశారు. ఆ విడతలో జుర్మానాలు, కొరడా దెబ్బలు, వెట్టి, బానిసత్వం కలుపుకుని శిక్షలు పడినవారు సుమారు 1,900 మంది.

ఈ ఘట్టాలన్నీ 1840 నుంచే లండన్‌లో పుస్తకాలుగా వెలువడి, ప్రపంచమంతా ప్రచారమయ్యాయి. అయితే విశ్వాసం కారణంగా చనిపోయినవాళ్లు, అందరినీ కలిపినా, కొన్ని వందలకు మించరు. అదే కాలంలో తంగెనా పరీక్ష వేలకు వేల మందిని మింగింది. నిందితుడు మూడు కోడిచర్మపు ముక్కలు మింగాలి, ఆపైన తంగెనా గింజ అరగదీసిన విషం తాగాలి. మూడు ముక్కలూ కక్కితే నిర్దోషి, లేకపోతే మంత్రగాడు. దీనికి తోడు దండయాత్రలు, వెట్టి. ఇంగ్లండులో చదువుకుని వచ్చి రాణి కొలువులో కార్యదర్శిగా పనిచేసిన రవుంబానా, ఈ నాశనమంతా ఇంగ్లీషులో రహస్యంగా రాసిపెట్టాడు. హతసాక్షుల వీరత్వానికి దీనివల్ల వన్నె తగ్గదు. కాకపోతే రాణి క్రైస్తవులకోసం కొత్త యంత్రం ఏదీ తయారు చేయలేదు. అందరినీ నలిపే యంత్రంలోకి వాళ్లనూ తోసింది.

1857లో ఫ్రెంచివాళ్ల కుట్ర ఒకటి బయటపడి మరో విడత హత్యలు జరిగాయి. 1861 ఆగస్టులో రాణి మరణించింది. కొడుకు రెండో రడామా ఖైదీలను వదిలి, నిషేధం ఎత్తేశాడు. అడవుల నుంచీ గుహల నుంచీ తిరిగి వచ్చినవాళ్లను చూసి, ద్వీపంలో మళ్లీ అడుగుపెట్టిన మిషనరీలే ఆశ్చర్యపోయారు. తాము కొన్ని వందల మందిని వదిలి వెళ్లారు, ఇప్పుడు వేలల్లో ఉన్నారు. హత్యలు జరిగిన చోట్లా, మొదటి ప్రార్థనాలయం ఉన్న అంబతొనకంగాలోనూ రాతి చర్చిలు లేచాయి.

చాలా పుస్తకాల్లో కథ ఇక్కడితో ముగుస్తుంది. ముగించకూడదు. 1869 ఫిబ్రవరిలో, అప్పటికి గద్దె మీద ఉన్న రెండో రానవలోనా, ఆమె భర్త అయిన ప్రధాని రైనిలయారివుని బాప్తిస్మం తీసుకున్నారు. సెప్టెంబరులో సంపీలను తగలబెట్టించారు. చర్చికి వెళ్లడం రాచసేవల్లో ఒకటైపోయింది. రాణి కోసం చేయాల్సిన వెట్టిని ఫనుంపువానా అంటారు. ఆ వెట్టికి మనుషులను పట్టడానికి బడి పట్టికలు పనికొచ్చాయి. పల్లెలో ఉపదేశకుడు సర్కారు మనిషి అయ్యాడు. రాణి ఆజ్ఞను కాదని బతికిన సంఘం, ముప్పై అయిదేళ్లు తిరగకుండానే రాణి ఆజ్ఞ మీద నడిచే సంఘమైంది. ఈ మార్పును మిషనరీల్లో కొందరు విమర్శించినా ఎక్కువ మంది పంటగానే చూశారు. అది వాళ్ల పెద్ద పొరపాటు.

1895 సెప్టెంబరు 30న ఫ్రెంచి సైన్యం అంటాననరివోను పట్టుకుంది. నవంబరులో అరివునిమామోలో తిరుగుబాటు లేచింది. మెనలంబా అనే తిరుగుబాటుదారులు ముందుగా క్వేకర్ మిషనరీ దంపతులనూ వారి బిడ్డనూ చంపి, తర్వాత వందల చర్చిలను తగలబెట్టి, పాత సంపీలను నిలబెట్టారు. పల్లెవాడి దృష్టిలో చర్చి, వెట్టి, సర్కారు వేరువేరు కావు. 1896 అక్టోబరు 15న ఫ్రెంచి సేనాని గల్యేని ఆ తిరుగుబాటుదారులతో చేతులు కలిపారన్న నేరం మోపి ఇద్దరు మేరినా పెద్దలను కాల్చి చంపించాడు. వారిలో ఒకరైన మంత్రి రైనంద్రియమంపంద్రి, మిషన్ బడిలో చదివిన ప్రొటెస్టెంటు క్రైస్తవుడు.