తహజ్జుద్: రాత్రి నమాజులో దొరికిన వెసులుబాటు



నా ఉద్యోగం కంప్యూటర్లతో. కొన్ని వారాలు రాత్రిళ్ళు ఫోన్ పక్కన పెట్టుకుని పడుకోవాలి. ఏ రెండున్నరకో సర్వర్ ఆగిపోయిందని ఫోనొస్తే ఒక్క ఉదుటున లేస్తాను. అదే వేళకి తహజ్జుద్ నమాజుకి లేవాలంటే మాత్రం ఒళ్ళు బరువు! ఆ సిగ్గుతోనే దాని చరిత్ర చదివాను. అందులో మనలాంటి వాళ్ళ ప్రస్తావన ఉంటుందని అనుకోలేదు.

ఇషా తర్వాత కాస్త నిద్రపోయి, ఫజ్ర్ వేళ కాకముందే లేచి చేసే ఐచ్ఛిక నమాజు తహజ్జుద్. రోజూ ఐదు పూటల నమాజు విధి, ఇది విధి కాదు. కానీ మొదట్లో రాత్రి నమాజు కూడా విధిగానే ఉండేదని హజ్రత్ ఆయిషా (ర) చెప్పారు.

ఖుర్‌ఆన్‌లో 73వ సూరా 'ముజ్జమ్మిల్'. దాని మొదటి ఆయతులు మక్కాలో తొలి రోజుల్లో అవతరించాయి. రాత్రిలో సగమో, కాస్త అటూ ఇటూగానో నిలబడి ప్రార్థించమని దైవప్రవక్త (స)కు అందులో ఆజ్ఞ వచ్చింది. పగలు పనులతోనే సరిపోతుందనీ, రాత్రి లేచి చదివితే మనసు కుదురుతుందనీ అక్కడే ఉంది. ప్రవక్త (స), ఆయన సహచరులు ఏడాది పాటు అలాగే చేశారు. పన్నెండు నెలల తర్వాత అదే సూరాలోని చివరి ఆయతు వచ్చి, వీలైనంతే చదవండని భారం తగ్గించింది.

ఎవరి కోసం? జబ్బుపడ్డవాళ్ళు, దైవమార్గంలో పోరాడేవాళ్ళు, వీళ్ళతో పాటు బతుకుతెరువు వెతుక్కుంటూ దేశాలు తిరిగేవాళ్ళు. అంటే మనమే!

మదీనాలో ఒక రంజాన్‌లో ప్రవక్త (స) మసీదులో రాత్రి నమాజు చేస్తుంటే వెనక జనం రోజురోజుకీ పెరిగారు. అది మళ్ళీ విధి అయిపోతుందేమోనని ఆయన ఆ తర్వాత రాత్రి బయటికి రాలేదు. హజ్రత్ ఉమర్ (ర) ఖలీఫాగా ఉన్న కాలంలో (634-644) మసీదులో విడివిడిగా నమాజు చేసుకుంటున్న వాళ్ళని ఉబయ్ ఇబ్న్ కఅబ్ (ర) వెనక ఒక్క జమాతుగా నిలబెట్టారు. ఇవాళ మనం చదివే తరావీహ్ జమాతు అలా స్థిరపడింది. అయితే అప్పుడు కూడా ఆయన, జనం నిద్రలో గడిపేసే ఆ చివరి జాము నమాజే ఇంకా మేలని అన్నారు.

ఎందుకు మేలు? ఆ వేళ మనల్ని చూసేవాళ్ళుండరు, మెచ్చుకునేవాళ్ళుండరు. కాళ్ళు వాచేదాకా నిలబడే ప్రవక్త (స)ను ఇంత శ్రమ ఎందుకని అడిగితే, కృతజ్ఞత గల దాసుడిగా ఉండాలి కదా అన్న అర్థంలో జవాబిచ్చారు. భయంతోనో బలవంతంతోనో చేసేది కాదది.

కొద్దిగా చేసినా విడవకుండా చేసే పనే అల్లాహ్‌కు ఇష్టమని కూడా ఆయన చెప్పారు. అందుకే నేనిప్పుడు రెండు రకాతులతో మొదలుపెట్టాను. సర్వర్ పని ముగిశాక వెంటనే పక్క మీద వాలకుండా వుజూ చేసుకుంటున్నాను. ఆ పది నిమిషాలు నన్ను లేపింది ఫోనే అయినా, నిలబెట్టింది మాత్రం ఫోను కాదు.

సెలవు. ఖుదా హాఫిజ్.