దేహము వేరు, శరీరము వేరు: ఖతార్ నేల ఎరిగిన ఇస్సాకు

కొన్నేళ్ల క్రితం లెంట్ దినాల్లో ఒక తెలుగు సోదరుణ్ణి అర్ధరాత్రి అత్యవసర విభాగానికి తీసుకొచ్చారు. చాలాకాలంగా మధుమేహం ఉన్న మనిషి. ఉపవాస దీక్ష పట్టి అన్నంతో పాటు ఇన్సులిన్ కూడా మానేశాడు. రక్తంలో ఆమ్లం పెరిగి స్పృహ తప్పే స్థితిలో ఉన్నాడు. మూడు రోజులకు తేరుకున్నాక, ఇలా ఎందుకు చేశారని అడిగాను. శరీరానుసారంగా బ్రతకకూడదని వాక్యంలో ఉంది కదా డాక్టరుగారూ, అన్నాడు నెమ్మదిగా. ఆ మాటలో మొండితనం లేదు, భక్తే ఉంది. నా దగ్గర మందు ఉంది గాని ఆ మాటకు జవాబు లేదు.

ఆ జవాబు నాకు చాలా ఆలస్యంగా, నేను అన్నం తింటున్న ఈ దేశపు చరిత్రలోనే దొరికింది. 2014లో గోర్జియాస్ ప్రెస్ వారు వెలువరించిన ‘ది సిరియాక్ రైటర్స్ ఆఫ్ ఖతార్ ఇన్ ద సెవెంత్ సెంచరీ’ అనే వ్యాస సంపుటి అందుకు కారణం. మారియో కోజా, అబ్దుల్ రహీమ్ అబూ హుసేన్, సైఫ్ షాహీన్ అల్ మురైఖీ, హయా అల్ థానీ దీని సంపాదకులు. మరుసటి సంవత్సరం ఆ రచయితల గ్రంథభాగాలను అనువాదాలతో కూర్చి మరో సంకలనం కూడా తెచ్చారు. ఏడవ శతాబ్దంలో ఖతార్ పేరును తమ పేర్ల చివర ధరించిన క్రైస్తవ రచయితలు ఇంతమంది ఉన్నారన్న సంగతి ఈ పుస్తకం తెరిచేవరకు నాకు తెలియదు.

చరిత్రలోకి వెళ్లే ముందు ఆ సోదరుడు చెప్పిన మాట దగ్గర కాసేపు ఆగాలి. రోమీయులకు వ్రాసిన పత్రిక ఎనిమిదవ అధ్యాయంలో పౌలు శరీరానుసారులను, ఆత్మానుసారులను ఎదురెదురుగా నిలబెట్టాడు. మన తెలుగు బైబిలులో అక్కడ ‘శరీరము’ అని ఉన్న చోట గ్రీకు మూలంలో ‘సార్క్స్’ అనే పదం ఉంది. అదే పత్రిక పన్నెండవ అధ్యాయంలో, విశ్వాసులు తమ శరీరాలను సజీవ యాగంగా దేవునికి అర్పించాలని ఆయన వేడుకున్నాడు. అక్కడ మూలంలో ఉన్న పదం ‘సోమా’. రెండు వేర్వేరు పదాలు తెలుగులోకి వచ్చేసరికి ఒకే ‘శరీరము’ అయ్యాయి. మొదటి కొరింథీయుల పత్రిక ఆరవ అధ్యాయంలో మాత్రం అనువాదకులు సోమాను ‘దేహము’ అన్నారు. ఆ దేహమే పరిశుద్ధాత్మకు ఆలయమని అక్కడ పౌలు బోధ. ఒక చోట విడిచిపెట్టవలసినది, ఇంకొక చోట అర్పించదగినది, మరొక చోట ఆలయం. ఒకే పదంతో చదువుకునే పాఠకుడు తికమక పడితే తప్పు అతనిది మాత్రమే కాదు.

పౌలు ఉద్దేశించిన సార్క్స్ ఎముకలూ కండరాలూ కాదని గలతీయులకు వ్రాసిన పత్రిక అయిదవ అధ్యాయమే సాక్ష్యమిస్తుంది. శరీర కార్యాల జాబితాలో జారత్వం, మత్తు ఉన్నమాట నిజమే. కాని ద్వేషం, కలహం, అసూయ, క్రోధం, కక్షలు, చీలికలు కూడా అందులో ఉన్నాయి. జాబితాలో దాదాపు సగం ఇలాంటివే. ఏ ఉపవాసమూ కక్షను కరిగించదు. కడుపు ఖాళీగా ఉన్నవాడు కూడా అసూయపడగలడు. పౌలు దృష్టిలో శరీరానుసారమైన జీవితమంటే మనిషి దేవుణ్ణి పక్కనపెట్టి తన చుట్టూ తానే తిరిగే జీవితం. ఆత్మ ఫలం ఎలా ఉంటుందో కూడా ఆయన ఆ వెంటనే చెప్పాడు. ప్రేమతో మొదలయ్యే ఆ వరుసలో సంతోషం, సమాధానం, దీర్ఘశాంతం, దయాళుత్వం ఉన్నాయి.

ఈ తేడాను చెరిపివేయకుండా నిలుపుకున్న భాషల్లో సిరియాక్ ఒకటి. సిరియాక్ బైబిలు రోమీయుల పత్రిక ఎనిమిదవ అధ్యాయంలో ‘బెస్రా’ అంటుంది, అంటే మాంసం. పన్నెండవ అధ్యాయంలో ‘పగ్రా’ అంటుంది, అంటే దేహం. ఖతార్ రచయితలు చదివినదీ, ధ్యానించినదీ ఆ సిరియాక్ బైబిలునే.

వారి నేలను సిరియాక్‌లో ‘బేత్ ఖత్రాయే’ అనేవారు. ఖతరీయుల నివాసమని అర్థం. నేటి ఖతార్ ద్వీపకల్పం మాత్రమే కాక, బహ్రెయిన్ ద్వీపాలు, వాటికి ఎదురుగా ఉన్న అరేబియా తూర్పు తీరం కూడా అందులో భాగం. 410 నాటి సభా పత్రాల్లోనే బహ్రెయిన్ ప్రాంతపు మష్‌మాహిగ్ బిషప్పు ప్రస్తావన ఉంది. టెసిఫోను కేంద్రంగా, పారసీక సామ్రాజ్యంలో వర్ధిల్లిన తూర్పు సంఘానికి చెందిన వారు వీరు. ఆ సంఘపు మఠాల ఆనవాళ్లు అబుధాబీకి చెందిన సర్ బనీ యాస్ ద్వీపంలో 1992లో బయటపడ్డాయి. ఈ తీరానికి మన దేశంతో కూడా చుట్టరికం ఉంది. ఏడవ శతాబ్దం మధ్యలో సంఘాధిపతిగా ఉన్న మూడవ ఈషోయహబ్, పార్సు ప్రాంతపు మెట్రోపాలిటనును మందలిస్తూ వ్రాసిన లేఖలో, ఆయన మొండితనం వల్ల హిందూదేశపు విశ్వాసులకు సైతం యాజకులు లేకుండా పోతున్నారని వాపోయాడు. ఖతార్ బిషప్పులు కూడా అదే తగాదాలో చిక్కుకున్నారు. ఆత్మీయత గురించి గొప్పగా వ్రాసిన నేలలోనే పదవుల పోరు, చీలిక నడిచాయన్నది గమనించదగిన విషయం. పౌలు జాబితాలోని ‘శరీర కార్యాలు’ అవే.

ఆ చీలికను మాన్పడానికి సంఘాధిపతి మొదటి గివర్గీస్ 676లో స్వయంగా ఈ తీరానికి వచ్చి, దైరీన్‌లో, అంటే నేటి సౌదీ అరేబియాలోని తారూత్ ద్వీపంలో, సభ జరిపాడు. అప్పటికి ఈ ప్రాంతం ఇస్లాం పాలనలోకి వచ్చి నాలుగు దశాబ్దాలు దాటింది. బేత్ ఖత్రాయేలో పుట్టిన ఇస్సాకు అనే సన్యాసిని నీనెవె నగరానికి బిషప్పుగా అభిషేకించినది ఈ గివర్గీసే. నీనెవె అంటే నేటి ఇరాక్‌లోని మోసుల్ ప్రాంతం.

ఇస్సాకు ఆ పదవిలో ఉన్నది అయిదు నెలలు మాత్రమే. దీని గురించి ఒక కథ ప్రచారంలో ఉంది. అప్పిచ్చినవాడు, అప్పు పడ్డవాడు ఆయన ముందుకు తీర్పు కోసం వచ్చారట. ఒక్కరోజు గడువైనా ఇవ్వమని ఇస్సాకు సువార్తను ఎత్తి చూపితే, ఇప్పుడు సువార్తను కాస్త పక్కన పెట్టమన్నాడట అప్పిచ్చినవాడు. సువార్తకు చోటు లేని చోట తనకేమి పని అనుకుని ఇస్సాకు వెళ్లిపోయాడట. కథలో ఎంత నిజముందో ఎవరూ తేల్చలేరు గాని, ఆయన రచనలు చదివినవారికి అది ఆయనకు తగిన కథే అనిపిస్తుంది. పదవి వదిలి ఆయన నేటి ఇరాన్‌లోని ఖూజిస్తాన్ కొండల్లో ఏకాంతవాసుల మధ్య గడిపి, చివరికి రబ్బాన్ షాబూర్ మఠం చేరాడు. వారానికి మూడు రొట్టెలు, కొన్ని ఆకుకూరలు మాత్రమే తినేవాడని, వండినది ముట్టేవాడు కాదని ఒక ప్రాచీన జీవితకథనం చెబుతోంది. ముదిమిలో చూపు పోయింది. శిష్యులు ఆయన మాటలను వ్రాసిపెట్టి, అలెగ్జాండ్రియాకు చెందిన అంధ పండితుడు దిదిమస్‌ను తలచుకుంటూ ఆయనను రెండవ దిదిమస్ అని పిలిచారు. వైద్యుడిగా నాకు ఆ అంధత్వానికి కారణం వెదకాలనే కుతూహలం కలిగింది. పదమూడు వందల ఏళ్ల నాటి రోగికి మూడు రొట్టెల లెక్క చూసి రోగనిర్ధారణ చేయడం సరికాదని ఊరుకున్నాను.

ఇంత కఠోర తపస్వి దేహాన్ని ద్వేషించి ఉంటాడని ఎవరైనా అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. కాని సంపుటిలోని వ్యాసాలతో పాటు ఆయన రచనల అనువాదాలను చదివితే వేరే చిత్రం కనిపిస్తుంది.

అయిదవ శతాబ్దానికి చెందిన అపమేయ యోహాను నుంచి ఇస్సాకు మూడు దశల విభజనను స్వీకరించాడు. అవి పగ్రానూతా, నఫ్షానూతా, రూహానూతా. దేహపు నడవడి, ప్రాణపు నడవడి, ఆత్మపు నడవడి అని చెప్పుకోవచ్చు. మొదటి దశకు ఆ పేరు ‘పగ్రా’ అనే పదం నుంచి వచ్చింది, ‘బెస్రా’ నుంచి కాదు. అంటే మొదటి మెట్టు పాపం కాదు, దేహమే. ఉపవాసం, జాగరణ, కీర్తనల పఠనం, సాష్టాంగ నమస్కారం ఆ మెట్టు మీద జరిగే పనులు. రెండవ మెట్టు మీద మనిషి తన వాంఛలతో, గర్వంతో పోరాడి దీనత్వాన్ని, దయను అలవరచుకుంటాడు. మూడవది మనిషి ప్రయత్నంతో అందేది కాదు. అక్కడ ప్రార్థన కూడా ఆగిపోయి, ‘తెహ్రా’ అని ఆయన పిలిచే విస్మయం మాత్రం మిగులుతుంది. మెట్లు ఎక్కినవాడు మొదటి మెట్టును పగలగొట్టడు. పైకి చేరినామని చెప్పి మోకరించడం, సాష్టాంగపడటం వంటి బాహ్య ప్రార్థనను తేలిక చేసినవారిని ఇస్సాకు గట్టిగా ఖండించాడు కూడా. ప్రార్థనలో దేహానికి చోటు లేదంటే ఆయన ఒప్పుకోడు.

ఇస్సాకు శరీరసుఖాన్ని మెచ్చుకున్నాడని నేను అనడం లేదు. సంపద, అలంకారం, సుఖం చుట్టూ తిరిగే జ్ఞానాన్ని ఆయన అత్యంత హీనమైనదిగా లెక్కించాడు. ఆయన కొన్ని పుటలు నావంటి గృహస్థుకు కొరుకుడు పడవు. కాని అవే పుటల నడుమ, బలహీనంగా ఉన్న దేహాన్ని దాని శక్తికి మించి శ్రమపెడితే అంతరంగంలో చీకటి రెట్టింపు అవుతుందని శిష్యులను హెచ్చరించాడు. ఈ వాక్యభావం చదివినప్పుడు ఆ అర్ధరాత్రి మంచం మీద ఉన్న సోదరుడి ముఖం గుర్తుకొచ్చింది. నేను చెప్పవలసిన మాటను వారానికి మూడు రొట్టెలు తిన్న మనిషి ముందే చెప్పి ఉంచాడు.

ఇక ఒకడు ఆత్మానుసారంగా నడుస్తున్నాడని ఎలా తెలుస్తుంది? ఇస్సాకు పెట్టిన పరీక్ష ఉపవాస దినాల లెక్క కాదు, దర్శనాలు కూడా కాదు. కరుణగల హృదయం ఎలా ఉంటుందన్న ప్రశ్నకు ఆయన ఇచ్చిన జవాబు సిరియాక్ సాహిత్యంలో సుప్రసిద్ధం. మనుషులు, పక్షులు, జంతువులు, చివరకు దయ్యాలు, పాకే పురుగుల కోసం కూడా మండే హృదయమది. ఏ ప్రాణికి కలిగిన చిన్న బాధనైనా అది చూసి ఓర్వలేదు. నరకాన్ని గురించి చెప్పినప్పుడు సైతం ఆయన దేవునికి పగను అంటగట్టడానికి నిరాకరించాడు. దేవుని శిక్ష కూడా ప్రేమ నుంచే పుడుతుందని, దానికి అంతముంటుందని నమ్మాడు. ఇలాంటి బోధ అందరికీ నచ్చలేదు. ఆయన ప్రతిపాదించిన మూడు విషయాల మీద బేత్ గర్మాయ్ బిషప్పు దానియేలు అభ్యంతరం లేవదీశాడని తొమ్మిదవ శతాబ్దపు చరిత్రకారుడు బస్రా ఈషోదెనహ్ నమోదు చేశాడు.

అభ్యంతరాలు ఆ గ్రంథాలను ఆపలేకపోయాయి. పాలస్తీనాలోని మార్ సాబా మఠంలో అబ్రామియోస్, పత్రికియోస్ అనే ఇద్దరు సన్యాసులు వాటిని గ్రీకులోకి మార్చారు. గ్రీకు సంఘం నెస్టోరీయులని దూరం పెట్టిన వారి పుస్తకం గ్రీకు మఠాల్లో నిత్యపఠన గ్రంథమైంది. అక్కడి నుంచి స్లావిక్ భాషల్లోకి పోయి, దోస్తోయెవ్‌స్కీ ‘కరమజోవ్ సోదరులు’ నవలలో వృద్ధ సేవకుడు గ్రిగోరీ చేతికి చేరింది. రెండవ భాగం పోయిందని అనుకుంటున్న కాలంలో, 1983లో ఆక్స్‌ఫర్డ్ బోడ్లియన్ గ్రంథాలయంలో దాని ప్రతిని సెబాస్టియన్ బ్రాక్ గుర్తించాడు. నరకాన్ని గురించి నేను పైన చెప్పిన ఆలోచనకు విపులమైన రూపం ఆ భాగంలోనే ఉంది. 2024 నవంబరులో పోప్ ఫ్రాన్సిస్ ఇస్సాకు పేరును రోమను పరిశుద్ధుల పట్టికలో చేర్చాడు. తన జీవితకాలంలో ఏ సంఘంతో సంబంధంలో లేడో ఆ సంఘమే ఆయనను తనవాడంది.

పుస్తకంలో నాకు కనబడిన కొరత ఒకటే. ఇది పండితులు పండితుల కోసం వ్రాసిన సంపుటి. సాధారణ పాఠకుడు అందులో ఇస్సాకు స్వరం వినాలంటే చాలా దుమ్ము దులుపుకోవాలి. అయినా, దీనికి ఖతార్ విశ్వవిద్యాలయపు విద్వాంసులు పూనుకోవడం, ఇస్లాముకు ముందరి తమ నేల జ్ఞాపకాన్ని తమదిగా స్వీకరించడం నన్ను కదిలించింది.

దోహాలో మెసైమీర్ దగ్గరి ఆరాధనా ప్రాంగణంలో 2008లో రోసరీ మాత దేవాలయం తెరిచారు. ఈ నేల మీద కొత్తగా వచ్చిన విశ్వాసమని మనం అనుకుంటాం. శుక్రవారం ఆ ప్రాంగణంలో అనేక భాషల ప్రార్థనలు వినిపిస్తాయి. కేరళ సోదరుల ఆరాధనలో సిరియాక్ మాటలు కూడా వినిపిస్తాయి. ఈ తీరానికి ఆ భాష పాత చుట్టమన్న సంగతి అక్కడున్న వారిలో ఎంతమందికి తెలుసో!

ఆ సోదరుడు మళ్లీ నా దగ్గరకు వస్తే, ఉపవాసం మానేయమని చెప్పను. ఇన్సులిన్ మానకుండా, వైద్యుడు చెప్పిన పరిమితిలో ఉండమని చెబుతాను. మీ దేహం విడిచిపెట్టవలసిన శత్రువు కాదనీ, మీరు ఎక్కవలసిన మొదటి మెట్టనీ, ఆ మాట చెప్పినవాడు ఈ తీరంలోనే పుట్టాడనీ కూడా చెబుతాను. ఆ తరువాత, ఇస్సాకు అడిగినట్లే, ఈ నలభై రోజుల్లో మీరు ఎవరి మీద కోపం విడిచిపెట్టారని అడుగుతాను. ఆ ప్రశ్న నన్ను నేను కూడా వేసుకోవాలి.