మెడికేర్ పార్ట్ డి

మెడికేర్ పార్ట్ డి అనేది అమెరికా సంయుక్త రాష్ట్రాలలో 65 సంవత్సరాలు నిండినవారికి, కొన్ని వర్గాల వికలాంగులకు వర్తించే మందుల బీమా పథకం. వైద్యుని చీటీపై మందుల దుకాణంలో కొనే మందుల ఖర్చులో కొంత భాగాన్ని ఇది భరిస్తుంది. దీనిని ప్రభుత్వ నియంత్రణలో ప్రైవేటు బీమా కంపెనీలు నిర్వహిస్తాయి. కంపెనీని బట్టి, నివాస ప్రాంతాన్ని బట్టి ప్లాన్లు వేరుగా ఉంటాయి కాబట్టి తగిన ప్లానును ఎంచుకొనే బాధ్యత వృద్ధులపైనే ఉంటుంది.

చరిత్ర

1965లో అధ్యక్షుడు లిండన్ జాన్సన్ సంతకంతో మెడికేర్ ఏర్పడింది. అందులో ఇంటివద్ద వాడుకొనే మందులకు దాదాపుగా చోటు లేదు. 2003 డిసెంబరులో జార్జి డబ్ల్యు. బుష్ సంతకం చేసిన చట్టం ద్వారా పార్ట్ డి రూపొంది, 2006 జనవరి 1 నుండి అమలులోకి వచ్చింది. మొదట్లో మందుల ఖర్చు ఒక స్థాయి దాటిన తరువాత, మరొక పైస్థాయి చేరేవరకు మొత్తం ధరను రోగియే చెల్లించవలసి వచ్చేది. ఈ ఖాళీని 'డోనట్ హోల్' (గారెలోని చిల్లు వంటిది) అనేవారు. 2010 నాటి ఆరోగ్య చట్టం దీనిని క్రమంగా తగ్గించింది. 2022 నాటి ద్రవ్యోల్బణ తగ్గింపు చట్టం వలన 2025లో ఈ దశ పూర్తిగా తొలగిపోయింది.

ఖర్చుల స్వరూపం

* ప్రీమియం: ప్రతి నెలా చెల్లించే రుసుము. అధిక ఆదాయం కలవారు దీనిపై అదనంగా చెల్లించాలి.
* డిడక్టిబుల్: బీమా మొదలయ్యే ముందు రోగి స్వయంగా భరించే మొత్తం. 2026లో ఇది 615 డాలర్లకు మించరాదు. కొన్ని ప్లాన్లలో అసలు ఉండదు.
* రోగి వాటా: ఆ తరువాత ప్రతి మందుకు చెల్లించే భాగం. ప్రామాణిక ప్లానులో ఇది 25 శాతం.
* వార్షిక పరిమితి: ప్లాను జాబితాలోని మందులకు రోగి చెల్లించినది 2026లో 2,100 డాలర్లకు చేరితే, ఆ సంవత్సరం మిగిలిన కాలం ఆ మందులకు చెల్లించనవసరం లేదు. ప్రీమియం ఈ లెక్కలోకి రాదు.

2023 నుండి ప్లాను జాబితాలోని ఇన్సులిన్‌కు నెలకు 35 డాలర్లకు మించి రోగి నుండి వసూలు చేయరాదు.

ప్లాను ఎంపిక

ప్రతి ప్లానుకు 'ఫార్ములరీ' అనే ఆమోదిత మందుల జాబితా ఉంటుంది. మందులను శ్రేణులుగా విభజిస్తారు. క్రింది శ్రేణిలోని జెనరిక్ మందులు చవక, పై శ్రేణులవి ఖరీదు. ఒకే మందు ఒక ప్లానులో రెండవ శ్రేణిలోను, మరొక దానిలో నాల్గవ శ్రేణిలోను ఉండవచ్చు. కొన్ని మందులకు ముందస్తు అనుమతి అవసరం. కొన్నిటికి ముందుగా చవక మందు వాడి చూడాలనే నిబంధన ఉంటుంది.

తక్కువ ప్రీమియం గల ప్లానే చవక అనుకోవడం సాధారణంగా జరిగే పొరపాటు. ఉదాహరణకు ఒకరు వాడే మందు ధర నెలకు 120 డాలర్లు, అనగా సంవత్సరానికి 1,440 డాలర్లు అనుకొందాం. 'అ' ప్లానుకు ప్రీమియం నెలకు 10 డాలర్లు, డిడక్టిబుల్ 615 డాలర్లు. 'ఆ' ప్లానుకు ప్రీమియం 40 డాలర్లు, డిడక్టిబుల్ లేదు. రెండింటిలోను రోగి వాటా 25 శాతం. 'అ'లో మొత్తం ఖర్చు 120 + 615 + 206 = 941 డాలర్లు. 'ఆ'లో 480 + 360 = 840 డాలర్లు. చవక జెనరిక్ మందు ఒక్కటే వాడేవారికి ఈ ఫలితం తారుమారు కావచ్చు. కాబట్టి సంవత్సరపు మొత్తం ఖర్చునే పోల్చాలి.

ప్లాను 'ప్రాధాన్య' దుకాణాలలో ధర తక్కువగా ఉంటుంది. అందుచేత ఇంటికి దగ్గరలోని దుకాణం వాటిలో ఉన్నదో లేదో చూసుకోవాలి. మెడికేర్ వారి అధికారిక వెబ్‌సైటులో మందుల పేర్లు, మోతాదులు ఇస్తే ప్లాన్లను పోల్చి చూపుతుంది. ప్రతి రాష్ట్రంలోను ఉచిత సలహా కేంద్రాలు ఉన్నాయి.

చేరిక, జరిమానా

65వ పుట్టినరోజు నెల, దానికి ముందు మూడు నెలలు, తరువాత మూడు నెలలు కలిపి ఏడు నెలల తొలి గడువు ఉంటుంది. ఆ తరువాత ప్రతి సంవత్సరం అక్టోబరు 15 నుండి డిసెంబరు 7 వరకు ప్లాను మార్చుకోవచ్చు. జాబితాలు, ధరలు ఏటా మారుతాయి కాబట్టి సెప్టెంబరులో వచ్చే మార్పుల నోటీసును చదవడం అవసరం.

తొలి గడువు ముగిశాక తత్సమానమైన బీమా లేకుండా వరుసగా 63 రోజులు గడిస్తే ఆలస్య జరిమానా పడుతుంది. ఆలస్యమైన ప్రతి నెలకు జాతీయ ప్రాతిపదిక ప్రీమియంలో (2026లో 38.99 డాలర్లు) 1 శాతం చొప్పున లెక్కిస్తారు. 20 నెలలు ఆలస్యమైతే నెలకు సుమారు 7.80 డాలర్లు. సాధారణంగా ఈ జరిమానా పథకంలో ఉన్నంతకాలం కొనసాగుతుంది. అల్పాదాయం వలన 'ఎక్స్‌ట్రా హెల్ప్' సహాయం పొందేవారికి జరిమానా ఉండదు.

ప్రవాస తెలుగువారి తల్లిదండ్రులు

పిల్లల వద్దకు వచ్చి గ్రీన్ కార్డు పొందినవారు, 65 సంవత్సరాలు నిండి, ఐదు సంవత్సరాలు ఎడతెగకుండా అమెరికాలో నివసించిన తరువాత పార్ట్ బి కొనుక్కొని, దాని ఆధారంగా పార్ట్ డిలో చేరవచ్చు. భారతదేశంలో కొన్న మందులకు ఈ బీమా వర్తించదు. మందుల పేర్లు కూడా వేరుగా ఉంటాయి: మధుమేహానికి వాడే గ్లిబెన్‌క్లమైడ్‌ను అమెరికాలో గ్లైబ్యురైడ్ అంటారు. భారతదేశంలో విరివిగా వాడే విల్డాగ్లిప్టిన్‌కు అమెరికాలో ఆమోదం లేదు. అటువంటి మందులు వాడేవారు ముందుగా అక్కడి వైద్యుని సంప్రదించి, మార్చిన మందుల జాబితాతోనే ప్లాన్లను పోల్చుకోవాలి.

ఇవి కూడా చూడండి

* మెడికేర్
* మెడికెయిడ్
* జెనరిక్ మందులు