చిత్రాంగి పక్షము

సారంగధరుని కథ యెరుగని తెలుగువారు మిక్కిలి అరుదు. రాజమహేంద్రవరమున రాజరాజనరేంద్రుడు, ఆయన పెద్దభార్య రత్నాంగి, ఆమె కుమారుడు సారంగధరుడు, రాజు వార్ధకమున చేపట్టిన పడుచు చిత్రాంగి, ఆమె మేడపై వ్రాలిన పావురము: ఇంతవరకు చెప్పగానే తక్కినది పిల్లలు సైతము పూరింపగలరు. సవతితల్లి కామించెను, కుమారుడు నిరాకరించెను, ఆమె కొండెము చెప్పెను, తండ్రి కాలుసేతులు నరికించెను. తీర్పు మనకు కంఠపాఠమే కాని, విచారణ జరిగినట్లు ఏ కవియు వ్రాయలేదు.

మొదట చరిత్రను గూర్చి రెండు మాటలు. రాజరాజనరేంద్రుడు 1022లో పట్టాభిషిక్తుడై 1061 వరకు వేంగి నేలిన తూర్పు చాళుక్యుడు. నన్నయభట్టును భారతాంధ్రీకరణమునకు ప్రోత్సహించిన మహానుభావుడు. అతని రాణి రాజేంద్రచోళుని కూతురు అమ్మంగదేవి. వారి కుమారుడే 1070లో చోళ సింహాసన మధిష్ఠించిన కులోత్తుంగుడు. శాసనములలో చిత్రాంగియు లేదు, సారంగధరుడును లేడు. పదునైదవ శతాబ్దమున గౌరన రచించిన నవనాథచరిత్రలో ఈ కథ మాళవదేశమున జరిగినది. అవయవములు కోల్పోయిన రాజకుమారుడు సిద్ధుల కరుణచే చౌరంగి యను యోగి యగును. తరువాతివారు దానిని గోదావరి యొడ్డునకు చేర్చిరి. రాజమహేంద్రవరమున సారంగధర మెట్ట యనునది కూడ వెలసినది. ఇట్టి కథయే అశోకుని రాణి తిష్యరక్షితకును కుణాలునకును ముడివడి దివ్యావదానమున నున్నది. గ్రీకు కవి యూరిపిడీసు ఫేద్రా యను రాణిని గూర్చి క్రీ.పూ. 428లోనే నాటక మాడించెను. కావున ఇది ఒక జాతి కథ గాదు. ముదుసలి మగడు, పడుచు భార్య, ఎదిగిన కొడుకు ఒక కప్పు క్రింద నున్న ప్రతి యింటి కథ.

తంజావూరున రఘునాథనాయకుడు 1600 మొదలు 1634 వరకు రాజ్యము చేసెను. ఆయన ఆస్థానమున నున్న చేమకూర వేంకటకవి సారంగధరచరిత్రమును మూడాశ్వాసముల ప్రబంధముగా రచించెను. ఇంచుమించు అదే కాలమున, 1603 నుండి 1625 వరకు, ఇంగ్లండును మొదటి జేమ్సు ఏలుచుండెను. లండను నాటకశాలలలో నపుడు విషాదనాటకములు వెల్లువెత్తెను. వానిలో జాన్ వెబ్‌స్టరు రచించిన 'ది వైట్ డెవిల్' 1612లో ప్రదర్శితమయ్యెను. శ్వేతపిశాచి యని దాని యర్థము. ఆ పేరే స్త్రీని తిట్టుట. నాయిక విట్టోరియా కల్పిత గాదు; 1585లో ఇటలీలోని పాదువా నగరమున హత్యకు గురియైన యువతి. నాటకములో నామె భర్తయుండగా పరపురుషుని వలచినది. ఆమె కల మిషతో పలికిన మాటలే భర్త చావునకు బీజము. నిర్దోషి యని యనుటకు వీలులేదు.

అయినను కవి ఆమెను న్యాయసభకు రప్పించినాడు. వకీలు లాటిను భాషలో నేరము చదువ నారంభించును. తనకు లాటిను వచ్చునని చెప్పియు విట్టోరియా దాని నంగీకరింపదు. వినవచ్చిన జనములో సగముమందికి బోధపడదు, వాడుకభాషలో మాటాడు డనును. (వ్యావహారికవాదులు ఈ ఘట్టమును చూచి సంతోషింపక మానరు!) న్యాయపీఠమున నున్న మతాధికారి తానే నేరము మోపుచుండగా, అభియోక్త వైతివేని న్యాయాధిపతివిగా నుండకు మని ముఖముమీదనే యడుగును. ఆమె నేరస్థురాలే కావచ్చును. ఆ సభ మాత్రము న్యాయసభ కాదని ప్రేక్షకుడు గ్రహించును. వెబ్‌స్టరు స్త్రీపక్షపాతి యని నేననను. ఆ కాలపు ఆంగ్ల నాటకములలో కులటలకును విషమిడు స్త్రీలకును కొదువ లేదు. కాని ఆయన విట్టోరియా నోరు మూయలేదు.

మన చిత్రాంగికి నోరు లేదా? కలదు. ఆమెచే కవులు శృంగారము పలికించిరి. పిదప అబద్ధము పలికించిరి. ఆ రెంటికి నడుమ, ఈ ముదుసలి నన్నేల పెండ్లాడెనని యడుగుట కామెకు తావీయలేదు.

బళ్ళారిలో సరసవినోదినీ సభను నెలకొల్పిన ధర్మవరము రామకృష్ణమాచార్యులుగారు (1853-1912) ఈ కథను విషాదసారంగధర నాటకముగా రచించిరి. తెలుగున తొలి విషాదనాటక మను ఖ్యాతి దానిదే. రంగమున మరణము చూపరాదను భరతమతమును కాదనుటకు వారికి సాహసము కావలసివచ్చెను; భాసుని ఊరుభంగము అచ్చుపడినది 1912లో, వారు స్వర్గస్థులైన యేటనే. కాని నాటక లక్షణమును మార్చిన ఆ సాహసము నాయిక దోషనిర్ణయము జోలికి పోలేదు. ఇది వారి నొక్కరిని నిందింపదగిన విషయము గాదు. 1881 డిసెంబరు 11న వీరేశలింగము పంతులుగారు తొలి వితంతు వివాహము చేయించినది చిత్రాంగి కథ నిలిచిన ఆ రాజమహేంద్రవరముననే. బాలవితంతువు లేల పుట్టుచున్నారను ప్రశ్నకును, చిత్రాంగి యేల తప్పుదారి పట్టెనను ప్రశ్నకును మూల మొక్కటే: వయసు మీరిన వరుడు. ఆ సంబంధ మెవరికిని తట్టలేదు. 1883లో సారంగధరునిపై ఆంగ్లమున కావ్యము వ్రాసిన గురజాడ అప్పారావుగారే 1892లో ముదుసలి వరుని కన్యాశుల్కము ద్వారా రంగమెక్కించి నవ్వులపాలు చేసిరి. లుబ్ధావధాన్లును చూచి నవ్విన ప్రేక్షకులే రాజరాజునకు కన్నీరు కార్చిరి. కిరీటము చేసిన మేలింతింత గాదు.

పండితులు తడుమని యీ విషయమును పామరులు తడిమిరి. యువరాజు చిత్తరువు చూపి ఒప్పించి, తుదకు తండ్రికి ముడివేసిరను కల్పన రంగస్థలమున వ్యాపించెను. మా సూర్యాపేట చుట్టుపట్ల పల్లెలలో సారంగధర యక్షగాన మాడిన రాత్రి, "పండుముసలోనికి పడుచుపిల్ల ఎందుకు?" అని ముందు కూర్చున్న ముదుసలమ్మ బిగ్గరగా ననగా నేను విన్నాను. భాగవతులు నొచ్చుకొనలేదు, తాళమాపి నవ్వి, మరల పాడిరి.

ఇంకొక సంగతి. జేమ్సు కాలమున విట్టోరియా వేషము కట్టినది బాలురు. 1660 వరకు ఆంగ్ల రంగమున స్త్రీ లేదు. మన నాటకసమాజములలోను చిరకాలము పురుషులే స్త్రీ వేషములు ధరించిరి. కడప జిల్లా సురభి గ్రామమున 1885లో వెలసిన సమాజమువారు తమ యింటి స్త్రీలనే రంగమెక్కించిరి. చిత్రాంగి పద్యమును పురుషుడు పాడినపు డది హొయలు. స్త్రీ పాడినపుడు అందు ఉక్రోషము కూడ వినబడును. 1957 నాటి సారంగధర చలనచిత్రమున నందమూరి తారకరామారావు సారంగధరుడు కాగా, భానుమతి చిత్రాంగి యయ్యెను. మోసపోయిన కన్యగా ఆమె మొదట మన యెదుటికి వచ్చును, సవతితల్లిగా నగుట తరువాత.